పెట్టెకి పాడిన పాట

మజురో
జనవరి 14

పెద్దమ్మా,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పోయినసారి పంపిన నూనె రాసుకుంటున్నావా, లేక అలవాటు ప్రకారం వాడకట్టంతా పంచేశావా? ఇక్కడ రాజధానిలో మేం బాగానే ఉన్నాం. నా కూతురు ఎమ్లేన్‌కి పందొమ్మిది నిండాయి. చదువు ఆపేసింది, ఉద్యోగం వెతకదు, పొద్దస్తమానం పడవల బడి దగ్గరే ఉంటుంది. నేనేమైనా అంటే, "మన వంశంలో ఆడవాళ్ళు పడవలు నడిపారుగానీ ఫైళ్ళు మోశారా?" అని నన్నే దెప్పుతుంది. ఆ నోరు ఎవరి పోలికో నీకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసే ఎంబసీ వాళ్ళు ఏటా మన దీవులకి చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తారు. మన జనానికీ వాళ్ళ జనానికీ స్నేహం పెరగాలని వాళ్ళ ఉద్దేశం. కిందటేడు ఒక దీవి బడికి పుస్తకాల గది కట్టారు, ఇంకో దీవిలో ఆడవాళ్ళ చాపల అల్లికకి ఇచ్చారు. దరఖాస్తులన్నీ ముందు నా బల్ల మీదికే వస్తాయి. పదకొండేళ్ళుగా వేరేవాళ్ళ దీవుల పేర్లు టైపు చేస్తున్నాను. మన బొకెలాన్ పేరు ఒక్కసారి కూడా టైపు చేయలేదు. ఈ ఏడు చెయ్యాలని ఉంది.

నేను అనుకున్నది ఇది. నీ పడవల పాకకి కొత్త రేకులు, పక్కన తేలే దుంగ కట్టిన ఒక కొత్త తెరచాప పడవ, వాటితోపాటు దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలో తూర్పు వైపు లోతు గండిలోంచి పడవని లోపలికి తెచ్చే దారి పాట. ఆ పాట ఇప్పుడు నీ ఒక్కదానికే వచ్చు. నీ తర్వాత ఎవరు? నువ్వు పాడితే నేను రికార్డు చేస్తాను, పుస్తకం వేయిస్తాను. నీ పేరు, అమ్మమ్మ పేరు మొదటి పేజీలో ఉంటాయి.

కొత్తగా వచ్చిన అధికారి లోవెల్ గారికి పాట సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన గోడ మీద మన దీవి పటం ఉంది, తెలుసా? ఉత్తరపు గండి గీసి ఉంది. తూర్పు గండి దగ్గర మాత్రం ఖాళీ వదిలేసి పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టారు. మన సంస్కృతి అంటే ఆయనకి అంత ఇష్టం.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది. "ఈ పథకం వల్ల రెండు దేశాల ప్రజల మధ్య అవగాహన ఎలా పెరుగుతుంది?" దానికి నువ్వేదైనా నాలుగు మాటలు చెప్పు, చక్కగా మార్చి రాసుకుంటాను. రేడియోలోనే అడుగుదును. కానీ దీవులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ ఉదయం ఏడింటి రేడియో అన్ని దీవుల వాళ్ళూ టీ తాగుతూ వింటారు కదా. మనింటి సంగతి వాళ్ళకెందుకు.

నీ జవాబు కోసం ఓడ వచ్చే రోజులు లెక్కపెట్టుకుంటాను.

టెల్బీ


బొకెలాన్
ఫిబ్రవరి 9

టెల్బీ,

నీ ఉత్తరం ఎండుకొబ్బరి ఓడలో వచ్చింది. నూనె పంచలేదు. సగం నా మోకాళ్ళకి, సగం పక్కింటి జోర్బన్ నడుముకి రాశాను. వాడు పాక స్తంభం నిలబెట్టబోయి నడుం పట్టించుకున్నాడు, దాన్ని దానం అనరు.

నీ ఫారానికి జవాబు రాసుకో. మేం వాళ్ళని ఎప్పుడో అర్థం చేసుకున్నాం. వాళ్ళు మమ్మల్ని అర్థం చేసుకోకపోవడం వల్ల ఇన్నాళ్ళూ సుఖంగా ఉన్నాం. దీన్ని చక్కగా ఎలా మారుస్తావో నీ ఇష్టం.

చిన్నప్పుడు తూర్పు దిబ్బ మీద తుప్పు పట్టిన ఇనుము కింద పీతలు పట్టేదానివి, గుర్తుందా? ఆ ఇనుము సంగతి నీకు చెప్పానో లేదో. మా అమ్మమ్మ కాలంలో కొబ్బరి కొనే దొర ఒకడు లోతు గండి దారి చెప్పమని వెంటపడ్డాడు. బియ్యం ఇచ్చాడు, చీటిగుడ్డలు ఇచ్చాడు. అమ్మమ్మ పాట పాడింది, అతను ఓపిగ్గా రాసుకున్నాడు. మర్నాడు రాసుకున్నది రాసుకున్నట్టే ఓడ నడిపించుకొచ్చాడు. ఆ ఇనుము అతని ఓడదే. బతికి బయటపడ్డవాళ్ళకి సీమపనస కాల్చి పెట్టింది కూడా మా అమ్మమ్మే. మనింట్లో పాట నేర్పడం అంటే ఏమిటో నీకు తెలియాలని ఇదంతా రాస్తున్నాను. ఆడపిల్లని లోతు గండి దగ్గర నీళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, అల వీపుకి తగులుతూ ఉండగా చెవిలో చెప్పాలి. మీ అమ్మ నిన్ను ఆరేళ్ళకే మజురో ఎత్తుకుపోయింది. నిన్ను నీళ్ళలో దించే వీలు నాకు దొరకలేదు.

ఇంకో మాట. పెద్ద ఓడ పట్టే గండి ఉందని నలుగురికీ తెలిసిన దీవులు కూడా ఉన్నాయి మనకి. అక్కడికి సైన్యం ఓడలు వచ్చాయి, లోపల నిలబడ్డాయి, జనాన్ని ఖాళీ చేయించారు. వాళ్ళ మనవలు ఇప్పుడు పక్క దీవిలో బియ్యం వరసలో నిలబడుతున్నారు. నువ్వు పటాలు చూసే ఆఫీసులో ఉన్నావు కాబట్టి గుర్తు చేస్తున్నాను.

అయినా రా. ఆ రికార్డు చేసే పెట్టె కూడా పట్టుకురా. పెట్టెకి ఏది పాడాలో అది పాడతాను. పాక కప్పు గాలికి పోయింది, పాత పడవ పుచ్చిపోయింది, నువ్వు మొహం చూపించి పదేళ్ళయింది. ఈ మూడింటి కోసం నేను ఒప్పుకుంటున్నానని నీకు తెలిస్తే చాలు, లోవెల్‌కి చెప్పక్కర్లేదు.

లిబోన్


మజురో
ఏప్రిల్ 20

పెద్దమ్మా,

నీ దగ్గర ఉన్న ఆ తొమ్మిది రోజులూ నాకు ఇంకా కలలాగే ఉన్నాయి. వచ్చాక ఎమ్లేన్ నా జుట్టు వాసన చూసి, "పొగ వాసన, అమ్మమ్మ ఇంటి వాసన" అని కడుక్కోనివ్వలేదు.

పుస్తకం అచ్చయింది. మూడు వందల ప్రతులు. అట్ట మీద మన తెరచాప, కింద వాళ్ళ జెండా. నీ పాట పదకొండు చరణాలూ పెద్ద అక్షరాల్లో వేశారు. ఆరో చరణం అంటే నాకు ఎందుకో చాలా ఇష్టం. తెల్లపిట్టల దిబ్బని పక్కదుంగ వైపు ఉంచుకో, నీళ్ళు పచ్చబడేదాకా చూపు తిప్పకు. ఎమ్లేన్ పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుంటుంది. నిద్రలో కూడా కలవరిస్తోంది.

ఒకటి మాత్రం అడగాలనుకుని మరిచిపోయాను. రికార్డు చేసేటప్పుడు పెట్టె పట్టుకుని నీ ఎదురుగా కూర్చున్నాను కదా, నువ్వు ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. పాడినంతసేపూ పెట్టెనే చూశావు. సిగ్గుపడ్డావా? నువ్వూ సిగ్గుపడతావంటే ఇక్కడ ఎవరూ నమ్మలేదు.

రేకులు వచ్చే ఓడలో వస్తాయి. వాటి మీద ఎంబసీ బొమ్మ అంటించి ఉంటుంది, పీకకు. గ్రాంటు షరతు అది. ఇంకో షరతు కూడా ఉంది, అది నీకు నచ్చుతుంది. జూన్ 28న రాయబారి చిన్న విమానంలో బొకెలాన్ వస్తారు. ఆ ఉదయమే పడవల బడి పిల్లలు నలుగురు కొత్త పడవ వేసుకుని, యంత్రం లేకుండా, ఎవరి సాయమూ లేకుండా, నీ పాట ఒక్కటే ఆధారంగా లోతు గండిలోంచి లోపలికి రావాలి. దాన్ని వీడియో తీసి వాళ్ళ దేశంలో చూపిస్తారు. నువ్వు రాయబారి పక్కన కుర్చీలో కూర్చుంటావు. మంచి గౌను ఉందా, కుట్టించి పంపనా?

టెల్బీ


బొకెలాన్
మే 11

టెల్బీ,

రేకులు వేశాం. బొమ్మ పీకలేదు. దానికదే వానకి ఊడింది.

పన్నెండు రోజుల కిందట ఒక బూడిదరంగు మోటారు పడవ వచ్చింది. ముందు ఉత్తరపు గండి దగ్గర ఆగి, తర్వాత తూర్పుకి తిరిగింది. నేను దిబ్బ మీద గవ్వలు ఏరుతున్నాను. ముగ్గురు మనుషులు ఉన్నారు. ఒకడి చేతిలో పుస్తకం. అట్ట మీద తెరచాప బొమ్మ దూరం నుంచే గుర్తుపట్టాను. అయిదో చరణం దాకా బాగానే వచ్చారు. ఆరో చరణం దగ్గర దిబ్బ ఎక్కేశారు. ఆ రోజు అల లేదు కాబట్టి ప్యాంట్లు తడవడంతో సరిపోయింది. నీళ్ళు పొంగాక వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళకి కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చాను. ఒకడు, "పాటలో ఏదో తప్పుందమ్మా" అన్నాడు. ముసలి గొంతు కదా నాయనా, తప్పులు దొర్లుతాయి అన్నాను.

నువ్వు ఆ నలుగురు పిల్లలు ఎవరో రాయలేదు. ఎవరి పిల్లలు? ఏ ఇంటివాళ్ళు? ఎవరైనా సరే, వాళ్ళని లోతు గండిలోంచి రానివ్వకు. ఉత్తరపు గండిలోంచి రమ్మను. రాయబారికి ఏ గండి అయినా ఒకటే, అతనికి కావాల్సింది ఫోటో. కారణం అడగకు. అది కాగితం మీద పెట్టే మాట కాదు. నువ్వు వస్తే నీళ్ళలో దిగి చెబుతాను.

గౌను అక్కర్లేదు. ఉన్నది చాలు.

లిబోన్


మజురో
జూన్ 3

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కోపం వచ్చింది, అందుకే జవాబు ఇవాళ రాస్తున్నాను.

కార్యక్రమం కాగితం అచ్చయిపోయింది. అందులో "తూర్పు గండి ప్రవేశం, ఉదయం తొమ్మిది" అని ఉంది. రాయబారి సంతకం పెట్టారు. ఇప్పుడు ఉత్తరం అంటే ఎందుకని అడుగుతారు. నీ దగ్గర కారణం ఉండి కూడా నాకు చెప్పవు. నేను లోవెల్ గారికి ఏం చెప్పను, మా పెద్దమ్మ నీళ్ళలోకి దిగితేగానీ నోరు విప్పదు అని చెప్పనా?

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకు. ఇన్నాళ్ళూ నీ ఒక్కదానికే తెలిసినది ఇప్పుడు నలుగురికీ తెలిసిపోతోందని నీకు కష్టంగా ఉందా? అదే అయితే నాకు అర్థమవుతుంది. కానీ ఇది నా పేరు మీద వచ్చిన మొదటి గ్రాంటు. పదకొండేళ్ళకి మొదటిది.

ఆ బూడిదరంగు పడవ మా ఎంబసీ కొలతల పడవే, దాని సంగతి ఇక్కడా తెలిసింది. అడుగున ఇంత పొడుగు గీత పడిందట. లోవెల్ గారు కోప్పడలేదు, నవ్వారు. "మావాళ్ళకి పాట చదవడమే వచ్చు, పిల్లలకి అయితే పాట వచ్చు, వాళ్ళ వెనకాల వెళ్ళి చూద్దాం" అన్నారు. వాళ్ళ పడవ పిల్లల వెనకే వస్తుంది. అందులో కెమెరా, రేడియో, లోతు కొలిచే యంత్రం ఉంటాయి. పిల్లల క్షేమం కోసమేనట. లోవెల్ గారే స్వయంగా వస్తున్నారు. విమానంలో నాకు చోటు లేదు, నివేదిక కాగితాలు సిద్ధం చెయ్యమని నన్ను ఇక్కడే ఉంచారు.

నిన్ను ఆశ్చర్యపరుద్దామని దాచాను. ఇక దాచను. ముందు నిలబడి పాట పాడుతూ దారి చూపేది ఎమ్లేన్. రెండు నెలలుగా దాని ప్రాణమంతా అదే. నీ పాట నీ ఇంటి పిల్లే పాడుకుంటూ వస్తుంది. ఇప్పుడైనా సంతోషించు.

టెల్బీ


బొకెలాన్
జూన్ 21

టెల్బీ,

ఓడ నిన్న వచ్చింది. నీ ఉత్తరం నిన్న చదివాను. ఈ ఓడ ఇంకా నాలుగు దీవులు తిరిగి మజురో చేరేసరికి జూలై వస్తుంది. కాబట్టి ఈ జవాబు నీకు పనికిరాదు. అయినా రాస్తున్నాను, చేతులు ఊరుకోవడం లేదు.

నేను పాడింది పరాయి పాట. మా అమ్మమ్మ ఆ కొబ్బరి దొరకి పాడిందే. ఆరో చరణం తప్ప అన్నీ నిజం. మనింట్లో పాట రెండు రకాలుగా ఉంటుంది. వంశంవాళ్ళకి ఒకటి, అడిగినవాళ్ళకి ఒకటి. నువ్వు నా ఎదురుగా కూర్చుని పెట్టె ముందుకు చాపావు. నేను నీకు పాడలేదు, పెట్టెకి పాడాను. ఆ పెట్టె ఏ తల్లి బిడ్డో నాకేం తెలుసు? అందుకే నీ మొహం చూడలేకపోయాను. సిగ్గు కాదు.

మనింటి పిల్ల ఒకతి కాగితం చూసి పాట నేర్చుకుంటుందని నా బుర్రకి తట్టలేదు. మనింట్లో ఇంతవరకూ ఎవరూ అలా నేర్చుకోలేదు. కావాలంటే వచ్చి నన్ను అడుగుతుందనుకున్నాను. తప్పు నాది. నిన్న ఉత్తరం చదివి పాక వెనక్కి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను.

జూన్‌లో తూర్పు అల మనిషెత్తున విరుగుతుంది. ఆరో చరణం నమ్ముకున్న పడవని దిబ్బ మీద పరుస్తుంది. ముందు నిలబడిన మనిషి మొదట పడుతుంది. అంతకంటే వివరం నేను రాయలేను.

ఇవాళ పొద్దున్న ఏడింటికి రేడియోలో నీకు కబురు పెట్టాను. "పాట తప్పు, లోతు గండి వద్దు, టెల్బీకి చెప్పండి" అన్నాను. నీకు అందజేస్తామన్నారు. రేపూ చెబుతాను, ఎల్లుండీ చెబుతాను. పంచాయతీ పడవ ఇంజను విప్పి పెట్టారు, దాని భాగం ఈ ఓడలో కూడా రాలేదు. ఎదురెళ్ళి ఆపుదామంటే మోకాళ్ళు లేవవు, పాత పడవ తేలదు.

సరైన చరణం రేడియోలో చెప్పొచ్చు. చెబితే అన్ని దీవులూ వింటాయి. పిల్ల వినాలంటే ముందు లోవెల్ వినాలి, రేడియో అతని పడవలో ఉంటుంది. ఏం చేస్తానో నాకు ఇంకా తెలియదు. ఇది నీకు చేరేసరికి తెలిసిపోయి ఉంటుంది.

లిబోన్


బొకెలాన్
జూన్ 30

టెల్బీ,

ఎమ్లేన్ బతికే ఉంది. ముందు ఆ మాట రాస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు. ఇప్పుడు నా పక్కనే చేపలు తోముతోంది. ఈ ఉత్తరం పాస్టరుగారి చేతికిచ్చి విమానంలో పంపుతున్నాను, నువ్వు నలుగురి నోటా వినేలోపు చేరాలని.

రేడియోలో ఏడు పొద్దులు చెప్పాను. అందరూ విన్నారు. పక్క దీవుల వాళ్ళు కూడా అడిగారు, ఏమైంది లిబోన్, ఎందుకు రావద్దంటున్నావని. మజురో నుంచి మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు, ఏర్పాట్లు మారవని.

28 ఉదయం అందరూ లోపలి ఒడ్డున కుర్చీలు వేసుకుని రాయబారికి దండలు వేస్తున్నారు. నేను రేడియో గదిలో ఉన్నాను. తెరచాప తూర్పున కనబడింది. దాని వెనక బూడిదరంగు పడవ. గాలి వాళ్ళ వీపున బలంగా ఉంది. నేను రేడియోలో లోవెల్‌ని పిలిచాను. పిల్లల్ని వెనక్కి తిప్పమన్నాను. అతను మన భాషలోనే, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఈ గాలిలో వాళ్ళు వెనక్కి తిరగలేరమ్మా. పాటలో తప్పు ఎక్కడుందో మీకు తెలుసు. చెప్పండి, రేడియో పెంచి వాళ్ళకి వినిపిస్తాను."

నీ పడవకి మోటారు ఉంది, ముందుకెళ్ళి తాడు వేసి లాగు అన్నాను. సాయం చెయ్యకూడదని షరతు ఉందన్నాడు. తర్వాత ఎదురుచూశాడు. అతనికి తొందర లేదు. కిటికీలోంచి తెరచాప పెద్దదవుతోంది.

పిల్ల పాట వినిపించింది నాకు, రేడియోలోంచి. నాలుగో చరణం పాడుతోంది. గొంతు అచ్చం మీ అమ్మది. అయిదో చరణం ఎత్తుకుంది.

"ఎమ్లేన్, ఆరో చరణం తిరగెయ్యి. తెల్లపిట్టల దిబ్బ పక్కదుంగకి అవతలి వైపు ఉండాలి. ఇప్పుడే తిప్పు."

అంతే అన్నాను. మా అమ్మమ్మ నీళ్ళలో నాకు చెవిలో చెప్పిన మాట. పెట్టెలో చెప్పాను, ఊరందరికీ వినబడేలా. పడవ తిరిగింది. పక్కన అల విరిగి నురుగు వాళ్ళ మీద పడింది, పడవ మాత్రం పచ్చనీళ్ళలోకి జారింది. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. బూడిదరంగు పడవ కూడా వాళ్ళ వెనకే, అదే దారిలో, సుఖంగా వచ్చింది.

లోవెల్ దిగగానే నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. అదే నాకు భయం.

ఎమ్లేన్ నన్ను ఒక్కటే అడిగింది. "నాకు అబద్ధం పాట ఎందుకు ఇచ్చావ్ అమ్మమ్మా?" దాన్ని మజురో పంపను. ఇక్కడే ఉండనీ.

లిబోన్


మజురో
జూలై 15

పెద్దమ్మా,

నీ రెండు ఉత్తరాలూ వెనకది ముందు, ముందుది వెనక చేరాయి. వెనకది పాస్టరుగారు ఇంటికే తెచ్చి ఇచ్చారు. చదువుతూ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

నీకు చెప్పని మాట ఒకటి ఉంది. రేడియో కబురు నాకు మొదటి రోజే అందింది. "పాట తప్పు" అని చీటీ మీద రాసి తెచ్చి ఇచ్చారు. నీకు అసూయ అనుకున్నాను. చీటీ మడిచి సొరుగులో పెట్టాను. రెండో రోజు లోవెల్ గారు, ఆ కబుర్లు ఇక నేను చూసుకుంటాను, నీకు నివేదిక పని ఉంది కదా అన్నారు. మంచిదే అనుకున్నాను. మూడో రోజు నుంచి నాకు ఏ చీటీ రాలేదు, నేనూ అడగలేదు. నా కూతురు ఆ పడవలో ఉంది, పెద్దమ్మా. అయినా అడగలేదు. దీనికి నన్ను నువ్వు క్షమించినా నేను క్షమించుకోలేను.

చివరి నివేదిక నిన్న పంపాను. టైపు చేసింది నేనే. "ఆశించిన ఫలితం" అన్న గడిలో లోవెల్ గారు స్వయంగా చెప్పి రాయించారు. "పూర్తిగా నెరవేరింది." మధ్యాహ్నం ఆయన గదికి కాగితాలు తీసుకెళ్ళాను. గోడ మీద పటంలో ప్రశ్నగుర్తు లేదు. దాని చోట నీలం గీత ఉంది. బయట సముద్రం నుంచి లోపలిదాకా, తెల్లపిట్టల దిబ్బని చుట్టి, చక్కగా గీశారు. పక్కన లోతులు అంకెల్లో వేశారు.

రాజీనామా రాశాను. సంచిలోనే ఉంది, ఇంకా ఇవ్వలేదు. ఇల్లు ఎలా గడుస్తుందో తెలియడం లేదు. వచ్చే ఏడు గ్రాంట్లకి మన దీవి పేరు ఇప్పటికే జాబితాలో ఉంది. నేను పెట్టలేదు.

ఎమ్లేన్‌కి నా మీద కోపమా? ఒక్క ముక్క రాయమను.

టెల్బీ


బొకెలాన్
ఆగస్టు 19

టెల్బీ,

పిల్లకి నీ మీద కోపం లేదు. నా మీదా తగ్గింది. రోజూ పొద్దున్నే నీళ్ళలో దించుతున్నాను. వెల్లకిలా పడుకుని అలలు వింటుంది. గండి సంగతి అందరికీ తెలిసిపోయింది కదా, ఇంకేం నేర్పుతావని అడిగింది. నేర్పేవి ఇంకా ఉన్నాయని చెప్పాను.

బళ్ళో పిల్లలు ఆరో చరణం సరైనదే పాడుతున్నారు. పుస్తకంలో పంతులుగారు పెన్నుతో దిద్దించారు. మనకీ పరాయివాళ్ళకీ ఇప్పుడు ఒకటే పాట.

పది రోజుల కిందట ఓడ వచ్చింది. మోటారు పడవ కాదు, వాళ్ళ ఓడ. లోతు గండిలోంచే వచ్చింది, ఎక్కడా ఒక్క గీత పడలేదు. లోపలి నీళ్ళలో లంగరు వేసి నిలబడింది. మా గుమ్మంలో కూర్చుంటే దాని మీద మనుషుల మొహాలు కనబడతాయి. వాళ్ళు చెయ్యి ఊపుతారు. మా పిల్లలు కూడా ఊపుతారు. పెద్దవాళ్ళం మాత్రం బట్టలు ఇంటి వెనకాల ఆరేసుకుంటున్నాం.

లోవెల్ మళ్ళీ వచ్చాడు, కొత్త ఫారం తెచ్చాడు. రెండో గ్రాంటు, మంచినీళ్ళ కోసమట. దక్షిణపు చివర ఎన్ని ఇళ్ళు, ఎవరు ఎప్పటినుంచి ఉంటున్నారు, సమాధులు ఎక్కడ, తీపినీళ్ళ బావి ఎక్కడ. ఇవీ ప్రశ్నలు. ఫారం చివర టైపు చేసినవాళ్ళ పేరు దగ్గర నీ పొట్టి సంతకం చూశాను. ఏమీ అనడం లేదు. ఇల్లు గడవాలి, నాకు తెలుసు.

బావి చూపించమన్నాడు. వెంట తీసుకెళ్ళి చూపించాను. ఎమ్లేన్ నా పక్కనే నడిచింది. ఏదో అనబోయింది, చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఊరుకుంది. నేను ఏ బావి చూపించానో ఇక్కడ రాయను.

ఎండుకొబ్బరి ఓడ ఈ నెల నుంచి మన దీవికి రాదట. కంగారు పడొద్దు, మీ ఉత్తరాలు మేమే తెస్తాం, మేమే తీసుకెళ్తాం అని లోవెల్ అన్నాడు. తపాలా సంచి ఇక వాళ్ళ ఓడలోనే వెళ్తుంది. ఈ కాగితం కూడా అందులోనే వస్తోంది. కాబట్టి ఇదే ఆఖరు. ఇక నాకు రాయకు, నేనూ రాయను. ఒకవేళ నా పేరుతో నీకు ఉత్తరం వచ్చి, అంతా బాగుందని ఉంటే, అది నేను సంచికి రాసిందే, నీకు రాసింది కాదు.

నీకు చెప్పాల్సింది చాలా ఉంది. ఉత్తరం వద్దు, నువ్వే రా. నీళ్ళలో దిగాక చెబుతాను.

పెద్దమ్మ